పగటిపూట తీసిన రక్తం

ఫైలేరియా పురుగు జీవితచక్రాన్ని పుస్తకం చూడకుండా బోర్డు మీద వేయగలను. దోమ కడుపులో ఒక దశ, దోమ ఛాతీ కండరాల్లో ఇంకో దశ, మనిషి లింఫ్ నాళాల్లో చివరి దశ, మధ్యలో బాణం గుర్తులు, అన్నీ. గోదావరి డెల్టాలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ని. నన్ను అర్ధరాత్రి నిద్ర లేపి చేతికి సుద్దముక్క ఇచ్చినా ఆ బొమ్మ తప్పు లేకుండా వేసి మళ్లీ పడుకోగలను. అదే పురుగుకి ప్రభుత్వంవాళ్లు మందు తెచ్చి, గుమ్మంలో నిలబడి, ఉచితంగా చేతిలో పెడితే మాత్రం ఏటేటా పారేశాను. ఈ సంగతి మా ఆవిడకి కూడా చాలా ఆలస్యంగా చెప్పాను. మీకు చెప్పడానికి నాకు మొహమాటం లేదు. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మాత్రని చొక్కా జేబులో వేసుకుని "తరవాత వేసుకుంటాలెండి" అనే ఉంటారు.

మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లోనే మొదలైంది. 2004 నుంచి దారి మారింది. జబ్బు ఉన్నవాళ్లని వెతికి మందివ్వడంతో సరిపెట్టకుండా, జబ్బు తిరుగుతున్న జిల్లాలో ఉన్న జనమందరికీ ఏడాదికోసారి మందు మింగించాలని నిర్ణయించారు. ముందు డీఈసీ మాత్ర ఒక్కటే ఇచ్చేవారు, 2007 నుంచి దానికి ఆల్బెండజోల్ తోడైంది. పదిహేనేళ్లు నిండినవాళ్లకి 100 మిల్లీగ్రాముల డీఈసీ మాత్రలు 3, ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములది 1. రెండేళ్లు నిండని పిల్లలకీ, గర్భిణులకీ, బాగా జబ్బుపడి ఉన్నవాళ్లకీ ఇవ్వరు. మిగతా అందరూ ఏదైనా తిన్నాక, ఇచ్చిన మనిషి ఎదురుగానే మింగాలి.

ఆ "ఎదురుగానే" దగ్గరే నా అహం దెబ్బతింది. మా వీధికి వచ్చే ఆశా కార్యకర్త వాళ్ల అన్నయ్య నా దగ్గర చదువుకున్నాడు. ఆ అమ్మాయి చేతిలో మాత్రలు, భుజాన సంచిలో నీళ్లసీసా, చంకలో రిజిస్టరు పెట్టుకుని మా అరుగు దగ్గర నిలబడేది.

"టిఫిను చేశారాండి? అయితే ఇప్పుడే వేసేసుకోండి మేస్టారండీ."

"ఇదిగో అమ్మాయ్, ఈ మందు ఎవరికో తెలుసా? రక్తంలో మైక్రోఫైలేరియా ఉన్నవాళ్లకి. నాకు లేవు. లేనివాడికి మందెందుకు?"

"ఆయ్, మీకు తెలీంది నాకేం తెలుస్తాదండి. మింగినట్టు రాసుకోవాలండి, అందుకని."

"రాసుకో."

రాసుకునేది పాపం. నాతో వాదించే వయసు కాదు, అధికారం అంతకన్నా లేదు. నేను మాత్రలు గుప్పిట్లో పెట్టుకుని లోపలికెళ్లి, పెరటి కిటికీలోంచి గన్నేరు మొక్క మొదట్లోకి విసిరేసేవాణ్ని. ఏనాడైనా మా గన్నేరుకి పురుగు పట్టి ఉంటే ఈ జిల్లాలో దానంత వైద్యం అందిన మొక్క మరోటి ఉండేది కాదు. మా ఆవిడ మాత్రం ఆ అమ్మాయి ఎదురుగానే గుటుక్కున మింగి, ఖాళీ నోరు తెరిచి చూపించేది. నేను పక్కన కూర్చుని, చదువుకున్నవాళ్లకీ చదువుకోనివాళ్లకీ తేడా ఇదేనని లోపల్లోపల గర్వపడేవాణ్ని.

నా మనసులో ఉన్న లెక్క చెబుతాను. ఫైలేరియా అంటే కాలవగట్టు మీద పూరిపాకల్లో ఉండేవాళ్లకి వచ్చేది. మనకి కిటికీలకి జాలీ ఉంది, మంచానికి దోమతెర ఉంది, మన కాళ్లు సన్నగా ఉన్నాయి. ఇంత కఠినమైన మాటని ఎప్పుడూ పైకి అనలేదు కానీ, నేను పారేసిన ప్రతి మాత్ర వెనకా ఉన్నది ఆ మాటే. ఆ పురుగు పేరు నాకు లాటిన్‌లో వచ్చు కాబట్టి అది నా జోలికి రాదని నమ్మాను.

ఇంతకన్నా సిగ్గుపడే విషయం ఇంకోటి ఉంది. ఏటా జనవరి 12న మా కాలేజీలో యల్లాప్రగడ సుబ్బారావుగారి ఫొటోకి దండ వేసి ప్రసంగించేది నేనే. 1895లో ఆ రోజున భీమవరంలో పుట్టాడాయన. అమెరికా వెళ్లి లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకి అధిపతి అయ్యాడు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకి ఫైలేరియా అంటుకుంది. అప్పటికి దానికి సరైన మందు లేదు. ఆయన నడిపిన ఆ పరిశోధనశాలే 1947లో హెట్రజాన్‌ని లోకానికి చెప్పింది. హెట్రజాన్ అంటే మన డీఈసీయే. గోదావరి మనిషి న్యూయార్క్ పక్కన కూర్చుని చేయించిన మందు గోదావరి జిల్లాలకే తిరిగొచ్చిందని నేను గొంతు పెంచి చెబితే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. దండ వేసిన చేత్తోనే ఆ మందుని కిటికీలోంచి విసిరాను.

ఇప్పుడు కాస్త పాఠం చెప్పనివ్వండి. ఇది తెలియకపోతే నా తెలివితక్కువతనం ఎంతటిదో మీకు పూర్తిగా అందదు.

మన ప్రాంతంలో ఫైలేరియాకి కారణమైన పురుగు వూచరేరియా బాంక్రాఫ్టి. ఆడ పురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుండి నూలుపోగులా ఉంటుంది, మగది అందులో సగం కూడా ఉండదు. ఇవి మన గజ్జల్లో, కాళ్లలో, వృషణాల దగ్గర ఉన్న లింఫ్ నాళాల్లో కాపురం పెడతాయి. ఒకటి రెండు నెలలు కాదు, 6 నుంచి 8 ఏళ్లు. ఆ కాపురంలో లక్షలకొద్దీ పిల్లల్ని రక్తంలోకి వదులుతాయి. అవే మైక్రోఫైలేరియా. పొడవు మిల్లీమీటరులో నాలుగో వంతు. ఇంత జరుగుతున్నా ఎక్కువమందికి పైకి ఏమీ తెలియదు. నొప్పుండదు, జ్వరముండదు, కాలు వాయదు. లోపల మాత్రం లింఫ్ నాళాలు ఉబ్బి, పాడవుతూ ఉంటాయి.

ఆ పిల్లలకి ఒక విచిత్రమైన అలవాటుంది. పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి. రాత్రయ్యాక, మరీ ముఖ్యంగా పదింటి నుంచి రెండింటి మధ్య, చర్మం దగ్గరున్న రక్తంలోకి వస్తాయి. మన ఊళ్లలో వీటిని మోసే క్యూలెక్స్ దోమ రాత్రిపూటే కుడుతుంది. పురుగూ దోమా ఒకే వేళకి కలుసుకుంటాయి. ఈ సంగతి పట్టుకున్నవాడు పాట్రిక్ మాన్సన్. చైనాలోని అమోయ్ రేవులో వైద్యుడుగా ఉంటూ, 1877లో రక్తంలో ఈ పురుగులున్న మనిషిని దోమల చేత కుట్టించి, ఆ దోమల్ని కోసి చూసి, పురుగు వాటిలో పెరుగుతోందని కనిపెట్టాడు. మనిషి జబ్బుకీ దోమకీ సంబంధం ఉందని తేలడం అదే మొదలు. ఇరవై ఏళ్ల తరవాత మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పింది ఈ మాన్సన్ ప్రోత్సాహంతోనే. అంతటి మాన్సన్ కూడా ఒక చోట పొరబడ్డాడు. దోమలు చచ్చిపడిన నీళ్లు తాగితే జబ్బొస్తుందనుకున్నాడు. పురుగు దోమ తొండం దాకా వస్తుందని 1900లో జార్జ్ లో చూపించాక గాని ఆ చిక్కు విడలేదు. మాన్సన్‌కి ముందు చూసి చెప్పినవాళ్లు లేరు, ఆయన తప్పుకి అదొక కారణం. నాకు ఆ సాకు కూడా లేదు. అన్నీ అచ్చులో ఉన్నాయి, అచ్చులో ఉన్నవన్నీ నాకు కంఠతా వచ్చు.

ఒక చలికాలం రాత్రి తొమ్మిది దాటాక మా వీధికి రక్తం తీసేవాళ్లు వచ్చారు. టార్చిలైట్లు, గాజు పలకలు, సూదులు. ఆ వేళకి తలుపు కొడితే ఎవరు తీస్తారు? "మాకేం జబ్బుల్లేవు పోండి" అని లోపల్నుంచే అరుస్తున్నారు. నాకు ఉత్సాహం వచ్చింది. పంచె ఎగ్గట్టి వీధిలోకొచ్చాను. రాత్రే ఎందుకు తీస్తారో, మైక్రోఫైలేరియా పగలు ఎక్కడుంటాయో, మాన్సన్ ఎవరో, నాలుగిళ్లకి వినపడేలా చెప్పాను. "ముందు నాది తీయండి" అని వేలు చాపాను. నన్ను చూసి ఇంకో పదిమంది చాపారు. ఆ రాత్రి నా అంత మంచి పౌరుడు మా మండలంలో లేడనుకుంటూ పడుకున్నాను.

కొన్నాళ్లకి ఆశా అమ్మాయి, ఆమె వెనక ఆరోగ్య కార్యకర్త ఒకాయన వచ్చారు. అరుగు మీద మా బావగారు, ఎదురింటి రిటైర్డు బ్యాంకు ఆఫీసరు కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "మేస్టారండీ, ఓసారి లోపలికి వత్తారా" అంది. "ఇక్కడే చెప్పు, పర్లేదు" అన్నాను. చెప్పింది. వీధి మొత్తం మీద రక్తంలో పురుగు పిల్లలు కనపడింది నాకే.

ఆ తరవాత నేను చేసిన పనులన్నీ ఒక్క ఊపున జరిగిపోయాయి, మధ్యలో ఆలోచనకి చోటే దొరకలేదు. గాజు పలకలు మారిపోయి ఉంటాయన్నాను. నంబర్లు తప్పు రాసి ఉంటారన్నాను. టార్చిలైటు వెలుగులో తీసిన రక్తానికి విలువేంటన్నాను. నా కాళ్లు చూడమని పంచె మోకాలి దాకా లాగి చూపించాను. బావగారు లేచి నిలబడ్డారు. బ్యాంకు ఆఫీసరు కాఫీ గ్లాసు కిందపెట్టి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. అది చూసి నాకు ఇంకా రోషమొచ్చింది. మర్నాడు తెల్లారగానే మొదటి బస్సెక్కి పట్నం వెళ్లి, తొమ్మిదింటికి ఒక ప్రైవేటు ల్యాబులో రక్తమిచ్చి, డబ్బు కట్టి, అక్కడే బెంచీ మీద కూర్చుని, రిపోర్టు చేతికి తీసుకున్నాను. మైక్రోఫైలేరియా కనపడలేదని స్పష్టంగా టైపు చేసి ఉంది. బస్సు దిగి ఇంటికి కూడా వెళ్లకుండా సరాసరి ఆరోగ్య ఉపకేంద్రానికెళ్లి, అక్కడున్న నలుగురి ముందూ ఆ కాగితం బల్ల మీద పరిచి, "ఇదీ పరీక్షంటే" అన్నాను.

ఆశా అమ్మాయి కాగితం తీసుకుని పైనుంచి కిందకి చదివింది. రక్తం తీసిన టైము దగ్గర వేలు పెట్టి ఆగింది.

"పగలు తీయించారాండి?"

నేను మాట్లాడలేదు.

"పగలు దొరకవని మీరే క్లాసులో చెప్పారంటండి. మా అన్నయ్య ఇంట్లో అనేవోడు."

ఆమె గొంతులో ఎగతాళి లేదు. ఉంటే నాకు కోపం తెచ్చుకునే వీలైనా ఉండేది. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, నాకే అవసరమైన రోజున ఆ పాఠం ఒక్క ముక్క కూడా గుర్తుకు రాలేదు. గుర్తుకు రాకపోవడం కూడా కాదేమో. పగటి రక్తంలో దొరకదని నాలో ఎవరికో తెలుసు, అందుకే కాళ్లు అంత తెల్లవారుజామున బస్సెక్కాయని ఇప్పుడు అనుమానం. అబద్ధం కావలసినప్పుడు చదువుకున్నవాడికి అది ఎక్కడ దొరుకుతుందో మిగతావాళ్లకన్నా బాగా తెలుస్తుంది.

మందు మొదలుపెట్టారు. రక్తంలో పురుగు పిల్లలు కనపడినవాళ్లకి డీఈసీ 12 రోజుల కోర్సు. మొదటి మోతాదు వేసుకున్న రాత్రే చలిజ్వరం, తలనొప్పి, గజ్జల్లో బిళ్లలు కట్టి సలుపు. దుప్పటి కప్పుకుని, "చూశావా, మందు కాదిది విషం, రేపట్నుంచి వేసుకోను" అన్నాను. మా ఆవిడ నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, "నేను ఇన్నేళ్లు మింగాను, నాకెప్పుడూ జ్వరం రాలేదు. మీకొచ్చిందంటే లోపల చచ్చేవి ఉన్నాయన్నమాట" అంది. పాఠ్యపుస్తకం ఇంతకన్నా బాగా చెప్పదు. మాత్ర వల్ల బాధపడేది ఎక్కువగా పురుగులున్నవాళ్లే. చచ్చిపోతున్న పురుగుల మీద శరీరం చేసే దాడి అది, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఆ జ్వరంలో ఇంకో జీవి పాత్ర కూడా ఉంది. ఈ పురుగు ఒంటి లోపల వోల్బాకియా అనే బాక్టీరియా కాపురం ఉంటుంది. అది లేకపోతే పురుగు సరిగా బతకలేదు, పిల్లల్ని కనలేదు. పురుగు చచ్చినప్పుడు ఆ బాక్టీరియా ముక్కలు కూడా బయటపడి ఒంట్లో మంట రేపుతాయి. ఈ సంగతి తెలిశాక, డాక్సీసైక్లిన్‌ని కొన్ని వారాలు ఇచ్చి, ముందు బాక్టీరియాని చంపి పురుగుని గొడ్డుపోయేట్టు చేయవచ్చని కూడా కనిపెట్టారు. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలోది. ఆ కుటుంబానికి మొదటి బిడ్డ ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది కూడా సుబ్బారావుగారి పరిశోధనశాల నుంచే. ఆయన ఆ ఏడే పోయాడు. జ్వరంలో పడుకుని ఆయన ఫొటో తలుచుకుంటే దండలోని ప్రతి బంతిపువ్వూ నన్ను ప్రశ్నించినట్టయింది.

జ్వరం తగ్గింది, కోర్సు పూర్తి చేశాను. తగ్గనిది వేరే ఉంది.

ఈ పురుగు దోమలో ఒకటికి రెండవదు. దోమ తాగిన పిల్లల్లో కొన్ని మాత్రమే సుమారు 10-14 రోజుల్లో ఎదిగి తొండానికి చేరతాయి. ఆ దోమ మళ్లీ కుట్టినప్పుడు చర్మం మీద దిగి, కుట్టిన రంధ్రంలోంచి లోపలికి పాకుతాయి. మలేరియాలాగా ఒక్క కాటుతో అంటుకునేది కాదిది. ఒకే చోట ఉంటూ, నెలల తరబడి, వందల, వేల కాట్లు తినాలి. అంటే నాకు అంటించిన దోమలు ఎక్కడివో కావు, మా వీధివే. నా ఒంట్లోంచి పురుగుని తీసుకెళ్లిన దోమలూ మా వీధివే. క్యూలెక్స్ మురికినీళ్లలో గుడ్లు పెడుతుంది. మా సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి మూతా లేదు, జాలీ లేదు. పంచాయతీవాళ్లు దోమలమందు కొట్టడం లేదని నేను రాసిన అర్జీలు ఒక ఫైలు నిండా ఉన్నాయి. ఆ అర్జీలు రాసుకున్న బల్లకి పది గజాల దూరంలో ఆ గొట్టం నోరు తెరుచుకుని ఉంది. ఒక సాయంత్రం నిచ్చెనేసుకుని ఎక్కి, పాత దోమతెర ముక్కని దానికి గట్టిగా కట్టాను. కడుతుంటే లోపల్నుంచి దోమలు మొహానికి కొట్టుకున్నాయి.

మా ఇంటికి నాలుగిళ్లవతల ఒక పెద్దావిడ ఉంది. ఎడమకాలు మోకాలి కిందనుంచి బోదకాలు. నేను ఆవిణ్ని చూసినప్పుడల్లా చూపు తిప్పుకునేవాణ్ని. ఆవిడకి ఆ జబ్బు నా వల్ల రాలేదు, నేను ఆ వీధికి రాకముందే వచ్చింది. కానీ ఆవిడ ఇంట్లో మనవలున్నారు. నేను మాత్రలు విసిరేసిన ఏళ్లన్నిట్లోనూ వాళ్లు అరుగు మీద రాత్రిళ్లు చదువుకునేవాళ్లు. వాళ్ల రక్తంలో ఏమీ కనపడలేదని తెలిసిన రోజు నేను గుళ్లో కొబ్బరికాయ కొట్టాను, జువాలజీ మేష్టారి సంగతి ఎవరేమనుకున్నా సరే.

ఆవిడ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. కాలు అలా లావైపోవడం వెనక పురుగు ఒక్కటే లేదు. పాడైన లింఫ్ నాళాలున్న కాలికి చిన్న పగులున్నా, వేళ్ల సందుల్లో ఒరిసినా బాక్టీరియా చొరబడుతుంది. అప్పుడే చలిజ్వరం వస్తుంది, కాలు ఎర్రబడి కాలిపోతుంది. అలా వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావవుతుంది, చర్మం ఇంకాస్త గట్టిపడుతుంది. దీన్ని ఆపడానికి రోజూ సబ్బుతో మెల్లగా కడగాలి, వేళ్ల సందులు కూడా పొడిగా తుడవాలి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవాలి, పుండుంటే మందు రాయాలి. ఇంత చిన్న పని. వరిబీజమైతే ఆపరేషన్‌తో నయమవుతుంది. ఇవేవీ నా సిలబస్‌లో లేవు, అందుకని నాకు తెలియవు. ఆశా అమ్మాయికి తెలుసు, ఆమె దగ్గరే నేర్చుకున్నాను. రోజూ కడగడం మొదలెట్టాక ఆ పెద్దావిడకి నెలనెలా వచ్చే జ్వరాలు తగ్గాయి. కాలు సన్నబడలేదు కానీ, పెళ్లిళ్లకి వెళ్తోంది.

మాత్రల లెక్క సంగతి కూడా చెప్పాలి. డీఈసీ రక్తంలో ఉన్న పిల్లల్ని చంపుతుంది గాని, పెద్ద పురుగులన్నిటినీ చంపలేదు. అందుకని పెద్దవి ముసలివై చచ్చేదాకా ఏటా మింగాలి, కనీసం 5 ఏళ్లు. ఊళ్లో మొత్తం జనాభాలో 65 శాతం మందైనా నిజంగా మింగితేనే దోమకి పురుగు దొరకడం ఆగుతుంది. రిజిస్టరులో మా వీధి లెక్క నిండుగానే ఉంది. అందులో నా పేరు పక్కన పడ్డ టిక్కులన్నీ దొంగవి. నాలాంటివాళ్లు ఎన్ని వీధుల్లో ఉన్నారో ఆ కాగితం చెప్పదు. మందు ఇచ్చామన్నది ఒక లెక్క, మింగారన్నది ఇంకో లెక్క, ఆ రెంటి మధ్య సందులోనే పురుగు ఇన్నేళ్లుగా బతుకుతోంది. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్‌ని కూడా కలిపి మూడు మందులు ఇస్తున్నారు. రక్తంలోని పిల్లల్ని అవి ఇంకా బాగా తుడిచేస్తాయి. మూడైనా ముప్ఫైయైనా గొంతు దిగితేనే కదా.

మరుసటి ఏడు మాత్రల రోజున ఆశా అమ్మాయితో పాటు నేనూ బయల్దేరాను. ముందు మా అరుగు మీదే, ఆమె ఎదురుగా, నాలుగు మాత్రలూ మింగి నోరు తెరిచి చూపించాను. తరవాత ఎదురింటికి వెళ్లాం. బ్యాంకు ఆఫీసరుగారు మాత్రలు అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మేష్టారూ, జబ్బు లేనివాణ్ని, నాకు మందెందుకు చెప్పండి?" అన్నారు.

నా మాటే, నా గొంతుతోనే. ఆయనకి పట్నం ల్యాబు రిపోర్టు సంగతి మొదట్నుంచీ చెప్పాను, బస్సు టైముతో సహా. ఆ రోజు ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆయన మాత్రలు చొక్కా జేబు దాకా తీసుకెళ్లి ఆగారు. లోపల్నుంచి వాళ్లావిడ ఉప్మా ప్లేటు తెచ్చి ఆయన ముందు పెట్టి, "ఖాళీ కడుపుతో వద్దంది కదా ఆ పిల్ల, ముందు ఇది తినండి" అంది. ఆశా అమ్మాయి నీళ్లసీసా మూత తీసి పట్టుకుంది, నేను అరుగు మీద చతికిలబడ్డాను. ఆయన ఆ ఉప్మా తింటానికి అరగంట చేశారు. మేమెవరం కదల్లేదు.